టెంకాయ అడగని అనుమతి

మీ ఫోనులో ఉన్న యాప్‌లలో ఒక్కదానికైనా, అది మిమ్మల్ని ఏమేం అడుగుతోందో చదివి "సరే" నొక్కారా? పోనీ, సగమైనా చదివారా? అబద్ధం చెప్పకండి, నేనూ చదవలేదు. చదవకుండా, పరీక్షించకుండా నమ్మినందుకు నా చెల్లెలి చీనీ తోటలో, అంటే బత్తాయి తోటలో, సగం ఎండిపోయింది.

నేను ముప్పై ఏళ్లు బడిలో సామాన్యశాస్త్రం చెప్పాను. సెలవు రోజుల్లో ఊళ్లు తిరిగి మూఢనమ్మకాల మీద మాట్లాడాను. మాది అనంతపురం జిల్లా. ఇక్కడి మనిషి దేవుణ్ణి అడిగేది మోక్షం కాదు, బోరులో నీళ్లు. అందుకని నా ప్రధాన శత్రువు దయ్యమూ కాదు, బాబా కూడా కాదు. టెంకాయ.

బోరు వేసే ముందు ఒక మనిషి వస్తాడు. చెప్పులు విడిచి, పీచు తీయని టెంకాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకుని చేలో నడుస్తాడు. టెంకాయ లేచి నిలబడిన చోట నీళ్లున్నట్టు లెక్క. నా పరీక్ష చాలా సులువైనది. ఆయన చూపిన చోట సున్నంతో గుర్తు పెట్టేవాణ్ణి. తర్వాత కళ్లకు గంతలు కట్టి, ఇంకో దిక్కు నుంచి నడిపించేవాణ్ణి. "మళ్లీ అదే గుర్తు మీద టెంకాయ లేస్తే నేను గుండు కొట్టించుకుంటా" అని ఊరందరి ముందూ పందెం కాసేవాణ్ణి. ఒక్కసారీ కొట్టించుకోవలసిన అవసరం రాలేదు. ఇప్పుడు నెత్తిన వెంట్రుకలు లేవు గానీ, అది వయసు చేసిన పని.

పరీక్ష అయ్యాక జనం చేత మూడు ప్రశ్నలు వల్లె వేయించేవాణ్ణి. నీకెట్లా తెలుసు? ఎవరు పరీక్షించారు? ఇందులో నీకేం లాభం? కణేకల్ వైపు ఒక ఊళ్లో పిల్లలు వీటిని పాటలా పాడుకునేవాళ్లు. బెళుగుప్ప వైపు ఒక టెంకాయాయన రెండు వందల మంది ముందు నా చేతిలో ఓడిపోయాడు. ఆయన నంబరు నా ఫోనులో దాచుకున్నాను, మళ్లీ చర్చకు పిలవవచ్చని. పిలిచినప్పుడల్లా "వస్తా సార్" అనేవాడు. ఒక్కసారీ రాలేదు.

రిటైరయ్యాక నా వేదిక ఫోనులోకి మారింది. "టెంకాయకు మెదడుందా?" అని ఒక వ్యాసం పెట్టాను. "ఫోనుకు బానిసలవుతున్న యువతరం" అని ఇంకొకటి పెట్టాను. పెట్టిన ప్రతిసారీ ఎంతమంది మెచ్చుకున్నారో చూడటానికి ఫోను తెరిచేవాణ్ణి. అన్నం తింటూ చూసేవాణ్ణి, స్నానానికి పోతూ చూసేవాణ్ణి. యువతరం బానిసత్వం మీద రాసిన వ్యాసాన్ని ఎందరు మెచ్చుకున్నారో ఒక్క పూటలో నలభై సార్లు చూసి ఉంటాను. మా ఇంటామె అడిగితే "వార్తలు" అనేవాణ్ణి. "తెల్లారినప్పట్నించీ ఒగటే వార్తనా?" అని ఆమె లోపలికి పోయేది. తర్కంలో ఆమెను నేను ఎప్పుడూ గెలవలేదు.

ఆ ఎండాకాలంలో ఒక రోజు చెల్లెలు ఫోను చేసింది. బావ పోయాక తోటంతా ఆమే చూసుకుంటుంది. పై కయ్య, కింది కయ్య అని రెండు మడులు, రెండింటి నిండా కాపుకొచ్చిన చీనీ చెట్లు.

"అన్నా, బోరు గాలి కక్కుతాండాది. చెట్లు ఇంగ పదైదు దినాల కంటే ఆగవు. టెంకాయాయన్ను పిలుద్దునా?"

"నేను బతికుండగా నా చెల్లెలి చేన్లో టెంకాయా?"

"అయితే నువ్వే ఏదో ఒగటి జూడు. నీ సిద్ధాంతము నా చెట్లు తాగవు."

చేయవలసిన పని నాకు తెలుసు. భూగర్భ జలాలు చూసే ఆఫీసు జిల్లా కేంద్రంలో ఉంది. అర్జీ ఇస్తే వాళ్లు యంత్రం తెచ్చి, నేలలోకి కరెంటు పంపి, కింద రాయి ఎట్లుందో, తేమ ఎక్కడుందో లెక్క కడతారు. అది శాస్త్రం. ఆ సాయంత్రమే అర్జీ రాసి సంచిలో పెట్టుకున్నాను. మరునాడు పొద్దున బస్సు కోసం నిలబడి, అలవాటు ప్రకారం ఫోను తెరిచాను.

అక్కడ కనిపించింది ప్రకటన. "మీ నేల కింది నీళ్లు మీ అరచేతిలో."

అది నాకే ఎందుకు కనిపించిందో ఆనాడు ఆలోచించలేదు. నీళ్లు చూడటం అనే మాట మీద నేను నెలల తరబడి రాశాను. తిడుతూనే రాశాను. నేను తిడుతున్నానో పొగుడుతున్నానో ఫోనుకు పట్టదు. నా నోట మాటిమాటికీ ఏ మాట వస్తుందో అదే దానికి కావాలి. గాలానికి ఏ ఎర గుచ్చాలో నేనే రోజూ దానికి చెబుతూ వచ్చాను.

యాప్ కింద నక్షత్రాలున్నాయి. వేలమంది "అద్భుతం" అని రాశారు. వేలమంది నమ్మితే అబద్ధం నిజమవుతుందా అని వేదికల మీద గొంతు చించుకున్నవాణ్ణి, వేలమందిని చూసి నమ్మాను. ఇంకా కిందికి పోతే ఉపగ్రహం, సెన్సార్, కృత్రిమ మేధ అన్న మాటలున్నాయి. అక్కడే "గంగమ్మ తల్లి దయతో" అని ఉంటే ఫోను విసిరి కొట్టేవాణ్ణి. చదువుకున్నవాడి నుదుటికి పూసే విభూది వేరే రంగులో ఉంటుంది, అంతే తేడా.

నేనున్న చోటు చూడనిమ్మంది. సరే అన్నాను. ఫోటోలు చూడనిమ్మంది. సరే. నా ఫోనులో ఉన్న అందరి నంబర్లూ చూడనిమ్మంది. నేల కింది నీళ్లు కనిపెట్టడానికి మా వియ్యంకుడి నంబరు ఎందుకని ఎనిమిదో తరగతి పిల్లవాడైనా అడుగుతాడు. నేను అడగలేదు. సరే అన్నాను.

బస్సు ఎక్కకుండా ఇంటికి తిరిగొచ్చాను. యాప్ వెంటనే నీళ్లు చూపించలేదు. "మీ నేల సమాచారం సేకరిస్తున్నాం. రోజూ ఒకసారి తెరవండి, ఖచ్చితత్వం పెరుగుతుంది" అంది. మొదటి రోజు పన్నెండు శాతం, రెండో రోజు ఇరవై ఐదు. పొద్దున్నే పళ్లు తోముకోకముందే తెరిచి చూసుకునేవాణ్ణి. మా ఇంట్లో దీపం పెట్టే అలవాటు మాన్పించినవాణ్ణి నేనే. ఒకనాడు మరిచిపోతే "మీ వరుస తెగిపోతుంది" అని హెచ్చరించింది. మధ్యాహ్నం అన్నం ముందు నుంచి లేచి తెరిచాను. ఎనిమిదో రోజుకు నూరు శాతం అయింది. అర్జీ ఇచ్చేశానని చెల్లెలికి చెప్పాను గానీ, అది సంచిలోనే ఉంది.

బోరు లారీని పిలిపించమని చెల్లెలికి చెప్పి, తోటకు పోయాను. లారీ దోవ పక్కన నిలబడి ఉంది. పై కయ్యలో ఆకులు అప్పటికే ముడుచుకుని ఉన్నాయి. నేను అరచేతి మీద ఫోను అడ్డంగా పెట్టుకుని, చెట్ల వరుసల మధ్య మెల్లగా నడవడం మొదలుపెట్టాను. తెర మీద ఎర్రటి గుండ్రం. పచ్చగా మారిన చోట నీళ్లు.

చెల్లెలు గట్టు మీద కూర్చుని కాసేపు చూసింది.

"ఏమన్నా, చెప్పులు ఇడ్సల్లేదే?"

"చెప్పులెందుకు?"

"టెంకాయాయన ఇడుస్తాడు గదా. నడక అదే, చెయ్యి అదే. టెంకాయే మారిండాది."

"ఇది సెన్సారమ్మా. నీకు తెలీదు."

గుండ్రం పచ్చబడింది. నా గుండె కూడా. "ఇదో, ఇక్కడే" అని కేక వేశాను. లారీ మనిషి లేచాడు. చెల్లెలు మాత్రం ఇంట్లోకి పోయి, చేతిలో ఇంత సున్నం, భుజాన ఒక తువ్వాలు వేసుకుని వచ్చింది. సున్నం నా కాళ్ల దగ్గర చల్లింది.

"కండ్లకు కట్టుకో."

"ఎవరికి, నాకా?"

"మా ఊర్లో నువ్వే గదన్నా చూపిచ్చింది? అప్పుడు ముందర వరసలో కూసోని సప్పట్లు గొట్టినా."

కట్టుకున్నాను. ఆమె నా భుజం పట్టుకుని చుట్టూ తిప్పి, ఎటో నడిపించింది. ఫోను నా చేతిలో, చూపు ఆమెది. చాలాసేపటికి "పచ్చగయింది, నిలబడు" అంది. తువ్వాలు తీశాను. బోరు లారీ ముందర నిలబడి ఉన్నాను.

"లారీ కిందుండాయంట నీళ్లు" అంది చెల్లెలు. లారీ మనిషి మర్యాదగా తల తిప్పుకున్నాడు. ఆమె గట్టు మీది గడ్డపార తెచ్చి ఫోను పక్కన పెట్టింది. పచ్చ. "గడ్డపారలో గూడా నీళ్లుండాయన్నా. ఈ జిల్లాకు ఇంగ కరువు లేదు."

అప్పుడు గుర్తొచ్చింది నేను సైన్సు మాస్టరునని. ఫోనులో దిక్కులు చూపే దిక్సూచి ఉంటుంది. ఇనుము దగ్గరికొస్తే అది చలిస్తుంది. ఈ పాఠం ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పాను. యాప్ పసిగడుతున్నది నీళ్లను కాదు, ఇనుమును. ఆమె సున్నం గుర్తు దగ్గరికి పోయి గడ్డపారతో మన్ను గీకింది. జానెడు లోతులో బండ. బండ కింద తుప్పు పట్టిన ఇనుప పైపు.

"మీ బావ ఏపిచ్చిన మొదటి బోరు" అంది. "దుమ్ము తప్ప ఏం రాలా. అందుకే మూసేసినాము."

ఆ తోట మొత్తంలో నీళ్లు లేవని రుజువైన చోటు అదొక్కటే. నా ఫోను వెతికి వెతికి దాన్నే పట్టుకుంది.

లారీ వెళ్లిపోయింది. ఆమె నా ముఖం చూడకుండా అడిగింది. "ఆఫీసోళ్లకు అర్జీ ఇచ్చినానని జెప్తివే, ఏమైంది?"

సంచిలోంచి తీసి చూపించాను. ఆమె తేదీ చదివింది.

"ఎనిమిది దినాలన్నా" అంది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టుకు జవాబు చెప్పడం నాకు వచ్చు.

అర్జీ ఇవ్వడానికి అప్పటికప్పుడే బస్సెక్కాను. దారిలో ఫోను మోగింది. బెళుగుప్ప టెంకాయాయన.

"నమస్తే సార్. మీరు గూడా నీళ్లు జూస్తాండారంట?"

"ఎవరు చెప్పారు?"

"మీరే సార్. 'ఈ యాప్‌తో నేను నీళ్లు కనుక్కున్నాను, మీరూ వేసుకోండి' అని మెసేజ్ పెడితిరి. శానా సంతోషం."

తీసి చూస్తే నిజమే. నా ఫోనులోని ప్రతి నంబరుకూ, నా పేరు మీద, నా ఫోటోతో ఆ మాట పోయింది. నాతో వేదికలెక్కిన మిత్రులకు పోయింది. నా దగ్గర చదివిన పిల్లలకు పోయింది. వియ్యంకుడికీ పోయింది.

"అది నేను పెట్టింది కాదప్పా. యాప్ పంపింది. నంబర్లన్నీ తీసుకుంది."

"మీరు ఇయ్యంది ఎట్ల తీసుకుంటుంది సార్?" అన్నాడు. "నా టెంకాయ ఎవురి నంబరూ అడగలా ఎప్పుడూ. సరే గానీ, గుండు ఎప్పుడు కొట్టిచ్చుకుంటారు?"

"నెత్తిన ఏమీ లేదప్పా."

"అట్లనా. మీసం ఉండాది గదా సార్."

ఆఫీసు వాళ్లు వారంలోపే వచ్చారు. యంత్రంతో పరీక్షించిన అమ్మాయి కింది కయ్య మూల ఒక చోటు చూపించి, "ఇక్కడ కొంచెం అవకాశం ఉంది, కచ్చితంగా చెప్పలేను" అంది. అప్పటివరకు నీళ్ల గురించి "చెప్పలేను" అన్న మనిషిని ఆ తోట చూడలేదు. అక్కడ బోరు వేస్తే సన్నటి ధార వచ్చింది. కింది కయ్యకు సరిపోయింది. పై కయ్యకు ట్యాంకరు తోలించాం, ఆలస్యమైంది. ఎనిమిది రోజుల ముందే ధార వచ్చి, పై కయ్యకు ట్యాంకరు తోలి ఉంటే పై కయ్యలో చాలా చెట్లు నిలిచేవని ఆ అమ్మాయే చెప్పింది. నేను అడగకపోయి ఉంటే చెప్పేది కాదు. అడిగాను.

చెల్లెలు ఆ చెట్లను కొట్టించిన రోజు నేను కూడా ఉన్నాను. మోళ్లు ఒక్కొక్కటే పీకి గట్టు మీద వేశాం. ఇంటికొచ్చాక జరిగిందంతా క్లుప్తంగా ఫోనులో పెట్టాను. నా వ్యాసాలన్నిటికంటే దాన్నే ఎక్కువ మంది మెచ్చుకున్నారు. ఎంతమందో చెప్పగలను, ఎందుకంటే చూశాను. పదకొండు సార్లు. మీసం తీసేశాను గానీ రోగం పూర్తిగా తగ్గలేదు.

టెంకాయను నమ్మే రైతు ఒక్క మనిషిని నమ్ముతాడు. ఆ మనిషి ఎదురుగా నిలబడతాడు, ఓడితే ఊరు నవ్వుతుంది. నేను నమ్మినవాడి ముఖం నాకు ఇప్పటికీ తెలియదు. ఇద్దరిలో ఎవరు పెద్ద మూఢుడో తేల్చుకోవడానికి నాకు వేదిక అక్కర్లేదు.

కాబట్టి మీరు ఒక పని చేయండి. నన్ను మెచ్చుకోవద్దు, ఇది ఎవరికీ పంపవద్దు. మీ ఫోను తీసి సెట్టింగుల్లోకి పొండి. ఏ యాప్‌కు ఏమేం ఇచ్చారో అక్కడ రాసి ఉంటుంది. ఒక్కొక్కదాన్నీ ఆ మూడు ప్రశ్నలు అడగండి. నీకెట్లా తెలుసు? ఎవరు పరీక్షించారు? ఇందులో నీకేం లాభం? జవాబు లేనిదాని దగ్గర్నుంచి ఇచ్చినవి వెనక్కి తీసుకోండి, తర్వాత దాన్నే తీసేయండి. రేపు కాదు. నేను రేపు అనుకునే అర్జీని సంచిలో పెట్టుకున్నాను. చదవడం ఇక్కడితో ఆపి, ఇప్పుడే చేయండి.