చెప్పులేసుకుని చూసిన రేడియో

మా మావయ్య చెయ్యి ఎంత నెమ్మదో నోరు అంత దురుసు. బజారులో ఎవరి రేడియో మూగబోయినా, ఎవరి కాలింగ్ బెల్లు మొరాయించినా ఆయన కొట్టుకే వచ్చేది. తగరం కరిగించి తీగలు అతికే పని కాబట్టి అందరూ అతుకుల మావయ్య అనేవాళ్ళు. అతుకు ఊడిందని ఎవరైనా వస్తే, "నువ్వే పట్టి లాగి ఉంటావు" అనేవాడు. తప్పు వస్తువుదైనా అయ్యుండాలి, వాడినవాళ్ళదైనా అయ్యుండాలి. ఆయనది మాత్రం కాకూడదు.

ఆ నోరు ఒక్క మా అమ్మ దగ్గరే లేచేది కాదు. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే. ఆవిడకు తమ్ముడి మాటంటే వేదం. మా ఇంట్లో చెప్పులతో గుమ్మం దాటితే చీపురు తిరగేసేది గానీ, మావయ్యకు మాత్రం మినహాయింపు. ఆయనవి పగుళ్ళ కాళ్ళు, చల్లటి నేల మీద అడుగేస్తే ప్రాణం జిల్లార్చుకుపోయేది. అందుకని మందపాటి రబ్బరు చెప్పులతోనే వంటింట్లోకి వచ్చేవాడు. "మాకో న్యాయం, నీ తమ్ముడికో న్యాయమా?" అని నేను దెబ్బలాడితే, "నీ కాళ్ళు పగిలినప్పుడు చూద్దాంలే" అనేది.

అమ్మకు పని చేసుకుంటూ పాటలు వినడం సరదా. బ్యాటరీలు మార్చలేక చస్తున్నాను, గోడ కరెంటుతో నడిచే రేడియో ఒకటి చేసిపెట్టరా అంది. సింకు పక్క అరలో పట్టాలి, గుయ్యిమని రొద పెట్టకూడదు అని కూడా అంది.

గోడలోంచి వచ్చే కరెంటు మనిషిని చంపగలది. రేడియోకి కావలసింది అందులో పిసరంత. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పెడితే, దాంట్లో రెండు తీగచుట్టలు పక్కపక్కనే ఉంటాయి గానీ ఒకదాన్నొకటి తాకవు. గోడ కరెంటు అటువైపే ఆగిపోతుంది, రేడియోకి చాలినంతే ఇటువైపు పుడుతుంది. కానీ అది బరువు, పైగా గుయ్యిమంటుంది. మావయ్య దాన్ని పక్కనపెట్టి చిన్న కెపాసిటర్‌తో పని కానిచ్చాడు. వోల్టులు తగ్గాయి గానీ గోడతో చుట్టరికం తెగలేదు. అలా చేసినప్పుడు ఎక్కడా చెయ్యి తగలకుండా ప్లాస్టిక్ పెట్టెలో మూసెయ్యాలని ఆయనకు బాగా తెలుసు. అయితే అమ్మ దాచుకున్న బిస్కెట్ల రేకు డబ్బా ముద్దుగా ఉంది. దానికి ఇత్తడి మీట పెడితే ఇంకా ముద్దుగా ఉంది. తీగలు రేకుకు తగలకుండా లోపల అట్ట పరిచి, ఇంకేం కాదులే అనుకున్నాడు. వచ్చినవాళ్ళందరికీ అమ్మ దాన్ని ఎత్తి చూపించి మురిసిపోయింది.

వంటింటి ఆవిరికి అట్ట చెమ్మగిల్లింది.

"ఒరేయ్, మీట ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందిరా" అంది అమ్మ ఒకరోజు.

మావయ్య వచ్చాడు, చెప్పులతోనే. డబ్బాను అటూ ఇటూ నిమిరాడు, మీట తిప్పాడు. "నాకేం లేదే! నీవి నరాలక్కా. వయసు మీద పడుతోంది" అన్నాడు. మర్నాడు నరాలకు బలం మందు సీసా తెచ్చి చేతిలో పెట్టాడు. అమ్మ పూటకో చెంచా తాగడం మొదలుపెట్టింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. రేడియో పక్కన మేకుకు మాత్రం ఒక పొడి మసిగుడ్డ వచ్చి చేరింది.

"పాటలు కాలుతున్నాయా అక్కా, మసిగుడ్డతో పట్టుకుంటున్నావు?" అని మావయ్య వేళాకోళం చేసేవాడు. అమ్మ నవ్వి ఊరుకునేది.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం మా గేటు దగ్గర ఆయన చెప్పు తెగింది. తిట్టుకుంటూ వట్టి కాళ్ళతోనే లోపలికొచ్చాడు. అమ్మ అప్పుడే వంటింటి నేల కడిగి, సింకు దగ్గర గిన్నెలు తోముతోంది.

"జారతావు, మెల్లిగా నాన్నా. ఆ సౌండు కాస్త తగ్గించు" అంది తమ్ముడితో.

మావయ్య మీట మీద చెయ్యి వేశాడు. వేసినవాడు వేసినట్టే కెవ్వుమని వెనక్కి పడ్డాడు. పళ్ళాల స్టాండు కూలి పళ్ళాలన్నీ దొర్లాయి. అమ్మ తడి చేతులతో అటే పరిగెత్తబోయింది.

"రాకు! దాన్ని ముట్టుకోకు!" అని అరిచాడు. అక్క మీద ఆయన గొంతు లేవడం నేను అదే మొదటిసారి వినడం. పాక్కుంటూ వెళ్ళి గోడ దగ్గర స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకేశాడు. అలాగే తడిలో కూర్చుండిపోయాడు.

"అక్కా, నీకు ఇన్నాళ్ళూ ఇలాగే కొట్టిందా?"

"ఇంత గట్టిగా కాదులే. నేల తడిగా ఉన్నప్పుడు కొంచెం ఎక్కువ."

"మరి చెప్పవేం?"

"చెప్పాను కదరా. నరాలన్నావు."

నాకు ఒళ్ళు మండిపోయింది. మావయ్యను కడిగి పారెయ్యాలనే నోరు తెరిచాను. కానీ ఆయన చూపు మేకుకున్న మసిగుడ్డ మీద ఆగిపోయి ఉంది. ఆ మొహం చూసి, దొర్లిన పళ్ళాలు ఏరడం మొదలుపెట్టాను.

"నీవి నరాలు కాదక్కా, నాది పొగరు. చెప్పులేసుకుని చూశాను. నిన్ను చంపేసేవాణ్ణి" అన్నాడు.

"చంపలేదుగా. లే, బట్టలు తడుస్తున్నాయి" అంది అమ్మ.

తర్వాత చాలా రోజులు ఆయన మా ఇంటివైపు రాలేదు. వచ్చినప్పుడు కొత్త రేడియో తెచ్చాడు. ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, ప్లాస్టిక్ పెట్టె ఉంది, మీట కూడా ప్లాస్టిక్కే. చెప్పులు గుమ్మం బయట విడిచాడు. పగుళ్ళ కాళ్ళతో కుంటుకుంటూ వచ్చి, ప్లగ్గు పెట్టి, పెట్టె చుట్టూ మీటరుతో ఒకటికి రెండుసార్లు చూశాడు. అది కాస్త గుయ్యిమంది.

"తిప్పక్కా. ఇప్పుడేం కాదు."

అమ్మ చెయ్యి మేకువైపు వెళ్ళింది. మసిగుడ్డ అందుకోబోయి, తమ్ముడి మొహం చూసి మానేసింది. వట్టి చెయ్యే చాపింది, కళ్ళు మాత్రం గట్టిగా మూసుకుంది. పాట వచ్చింది.

"చూశావా, ఏమీ లేదు" అని ఆవిడే ఆయనకు ధైర్యం చెప్పింది. తర్వాత అరమీదున్న సీసా తీసి, ఇంకా ఎంత మిగిలిందో వెలుతురులో పెట్టి చూసింది.

"ఒరేయ్, మరి ఈ మందు ఆపెయ్యమంటావా? నువ్వు చెబితే ఆపేస్తాను."