సున్నా మీద అంటించిన కాగితం

డాన్యూబ్ నది ఒడ్డున ఓ బల్గేరియా నగరపు కోర్టులో పెన్కా ముప్పై ఏళ్లు టైపిస్టుగా చేసింది. దొంగ సాక్ష్యాలు, బద్ధకపు తీర్పులు టైపు కొట్టీ కొట్టీ ఆమె వేళ్లు వంకర్లు పోయాయి, నోరు మాత్రం పదునెక్కింది. ఆమె రిటైరయ్యాక పక్కింటి మెతోదిని మెట్ల మీదే ఎవరో పొడిచి చంపారు. ఏడాదైనా కేసు అంగుళం కదల్లేదు.

ఈలోగా పోలీసు ఠాణా ముందు ఘనంగా ఓ గాజు బోర్డు వెలిసింది. పైన ‘అంతా పారదర్శకం’ అని బంగారు అక్షరాలు. కింద, ‘నిరుటి హత్యలు: సున్నా’.

“మరి మెతోది సంగతేంటి నాయనా?” అని పెన్కా అడిగింది.

“కేసు తేలేదాకా అది హత్య కింద రాదు మామ్మా,” అన్నాడు ఇన్‌స్పెక్టర్, కళ్లయినా ఎత్తకుండా.

“అయితే అందాకా వాడు బతికున్నట్టేనా? సిగ్గులేని మొహమా!”

చనిపోయినవాళ్ల ఫొటోతో కాగితం అచ్చేసి తలుపులకీ చెట్లకీ అంటించడం, ఏడాది నిండితే మళ్లీ కొత్తది వేయడం అక్కడి ఆనవాయితీ. అది వానకి నానిపోవాల్సిందే గానీ మనిషన్నవాడు పీకడు. పెన్కా మెతోది సంవత్సరీకం కాగితం తెచ్చి, సరిగ్గా ఆ సున్నా మీద అంటించింది.

ఇన్‌స్పెక్టర్ పీకబోయి, ఫొటో చూసి, చెయ్యి వెనక్కి తీసుకుని శిలువ గుర్తు వేసుకున్నాడు.

“కాగితం ముట్టుకోడానికి ఇంత భయపడ్డావే,” అంది పెన్కా, “హంతకుణ్ణి వదిలేసినప్పుడు ఏమైంది నాయనా ఈ భయం?”