బస్టాండు దాకా వచ్చిన నా చెల్లెలు

దయ్యాలన్నా, గాలి సోకడమన్నా నాకు మొదటి నుంచీ నవ్వే. ఇప్పుడు నేను చెప్పేది చదివి మీరు నవ్వినా ఏమీ అనుకోను. ఇంకొకరు చెబితే నేనూ నవ్వేవాణ్ణే.

మాది రాజంపేట. పాత మిషన్ చర్చికి పోయే కుటుంబం. మా నాయన మిషన్ బడిలో అయ్యవారు. చిన్నప్పుడు చీకట్లో ఏదో కదిలిందని ఏడిస్తే ఆయన ఊరుకోబెట్టేవాడు కాదు, చెయ్యి పట్టుకుని అక్కడికే తీసుకుపోయి చూపించేవాడు. దండెం మీద తువ్వాలు, లేకపోతే మూలన పిల్లి ఉండేది. నేను చేసేది బోరు మోటార్లకు తీగ చుట్టే పని. మోటారు ఎందుకు కాలిపోయిందో విప్పి చూస్తే తెలిసిపోతుంది. అన్నిటికీ అట్లా ఒక కారణం ఉంటుందని వాదించి, నేను చాలామందితో గొడవలు పెట్టుకున్నాను కూడా.

నాకు ఒక్కతే చెల్లెలు, నిర్మల. ప్రైవేటు స్కూల్లో టీచరుగా కర్నూలు పోయింది. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ వస్తున్న రోజులవి. కల్లూరు వైపు ఒక పెద్ద చర్చివాళ్లు ఆడపిల్లలకు హాస్టల్ నడుపుతుంటే అందులో చేరింది. ఆ చర్చి పేరు చెప్పను. ఆదివారం వేలమంది వస్తారు. పాస్టరును అందరూ అయ్యగారు అంటారు, ఆయన భార్యను అమ్మగారు అంటారు. దేవుడి మనుషుల దగ్గరే ఉంది కదా అని మేము నిశ్చింతగా ఉన్నాం.

మొదట చెవి కమ్మలు తీసేసింది. తర్వాత తెల్లచీరలు మొదలుపెట్టింది. భక్తి ఎక్కువైందిలే అనుకున్నాం. కొన్నాళ్లకు స్కూలు మానేసి, సేవ అని అక్కడే ఉండిపోయింది. ఫోను అమ్మగారికి ఇచ్చేసింది. మేము ఫోను చేస్తే అమ్మగారే ఎత్తి, ప్రార్థనలో ఉందని చెప్పి పెట్టేసేది. ప్రొద్దుటూరు సంబంధం ఒకటి వస్తే, దేవుడు అయ్యగారికి దర్శనంలో ఆ సంబంధం చూపించలేదని వద్దంది.

చివరికి మా అమ్మకు గర్భసంచి ఆపరేషన్ అయితే కూడా రాలేదు. ఇప్పుడు పంపవద్దని దేవుడు అయ్యగారికి చూపించాడట. మా ఇంటి సంగతి మాకు చూపించకుండా ఆయనకు చూపించడమేంటి అని నేను ఎగతాళి చేస్తే అమ్మ ఏడ్చింది. ఆపరేషన్ గదిలోకి తీసుకుపోతుంటే కూడా తల తిప్పి వాకిలి వైపే చూసింది. నాకు అప్పుడే పట్టుదల వచ్చింది. ఒక్కసారైనా నిర్మలను ఇంటికి తేవాలి.

చూడటానికి పోతే ముందుగదిలో కూర్చోబెట్టేవాళ్లు. నిర్మల పక్కన ఎప్పుడూ ఇంకొక సిస్టరు ఉండేది. నేను ఏమడిగినా నిర్మల ముందు ఆమె ముఖం చూసి, ఆ తర్వాత జవాబు చెప్పేది. భోంచేశావా అని అడిగినా అంతే. చిన్నప్పుడు అన్నం గిన్నె దగ్గర నాతో సమానంగా కొట్లాడిన పిల్ల అది. 

పోలీసుల దగ్గరికి పోయాను. ఎస్సై మంచివాడే, నాతో పాటు వచ్చాడు. కానీ అమ్మగారి ఎదురుగానే అడిగాడు. నా ఇష్టంతోనే ఉన్నాను సార్ అని నిర్మల నవ్వుతూ చెప్పింది. బయటికొచ్చాక ఎస్సై నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏమప్పా, పిల్ల మేజరు. నవ్వుతా చెప్తాండాది. నన్నేం చెయ్యమంటావు?"

కర్నూల్లోనే ఆడవాళ్ల కేసులు చూసే ఒక లాయరమ్మ దగ్గరికి పోయాను. ఆమె ఓపికగా అడిగింది. బయటికి పోవాలంటే ఎవరిని అడగాలి, ఉపవాసం ఉండలేనంటే ఏమవుతుంది, మాట విననివాళ్లను ఏం చేస్తారు. నాకు తెలిసింది చెప్పాను. చెప్పకుండా ఊరికి పోయిన ఒక అమ్మాయి పేరును ఆదివారం మైకులో చదివి, ఆమెతో ఎవరూ మాట్లాడకూడదన్నారని నిర్మలే ఒకసారి నాతో అంది. అదేదో మామూలు సంగతి అన్నట్టు చెప్పింది.

"తాళం వెయ్యకుండా కట్టేసి పెట్టడమంటే ఇదేనప్పా," అంది లాయరమ్మ. "అయితే నువ్వు చెప్తే చాలదు. ఆ పాప నోట్లో నుంచి రావాల. పక్కన ఎవరూ లేనప్పుడు ఒక్కసారి అడుగు."

పక్కన ఎవరూ లేకుండా దొరికేది ఎట్లా? ఉపవాస కూటాలు పెడితే, ఆ జనంలో ఎక్కడైనా కనబడకపోతుందా అని పోయాను. గేటు దగ్గర నన్ను గుర్తుపట్టి ఆపేశారు. మిట్టమధ్యాహ్నం. ఎండలో షేర్ ఆటోలు ఆగే చోటికి వచ్చి నిలబడ్డాను. లోపలి మైకు అక్కడిదాకా వినిపిస్తోంది. దేవుడు తనకేం చేశాడో ఎవరో ఆడమనిషి సాక్ష్యం చెబుతోంది. నేను పట్టించుకోలేదు.

అప్పుడు ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. చూస్తే నిర్మల.

తెల్లచీరలో లేదు. స్కూలుకు పోయే రోజుల్లో కట్టుకునే ఆకుపచ్చ చీర కట్టుకుంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. చెయ్యి వెచ్చగా ఉంది. తర్వాత చాలామంది అడిగారు కాబట్టి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను.

"అన్నా, నన్ను ఇంటికి పిల్చుకపో," అంది.

ఎట్లా బయటపడ్డావని అడగలేదు. అడిగితే మనసు మార్చుకుంటుందేమోనని భయమేసింది. వెంటనే ఆటో ఎక్కించాను. లోపల ఒక ముస్లిం పెద్దామె ఉల్లిగడ్డల సంచి ఒళ్లోకి తీసుకుని, "దా బేటీ, ఈడ కూచో," అని జరిగింది. నిర్మల మా ఇద్దరి మధ్య కూర్చుంది. ఆటో కదులుతుంటే చర్చిలో సాక్ష్యం అయిపోయి పాట ఎత్తుకున్నారు.

"అమ్మ ఎట్లుండాది?" అని అడిగింది.

"నీ కోసమే చూస్తాండాది," అన్నాను. తల ఊపింది. దారి పొడుగునా నా మోచెయ్యి వదల్లేదు. దిగాక ఆటో అతను ఇద్దరి చార్జీ తీసుకున్నాడు.

బస్టాండులో కడప బస్సులు ఆగే చోట బెంచీ మీద కూర్చోబెట్టాను. శానా దప్పికైతాండాదన్నా అంటే, ఎదురుగా ఉన్న అంగడికి నీళ్ల కోసం పోయాను. బెంచీ కనబడుతూనే ఉంది. సీసా తీసుకుని తిరిగేసరికి లేదు. పక్కన జామకాయలు అమ్మే ఆమెను అడిగాను.

"పచ్చ చీరామెనా? ఇప్పుడు ఈడనే కూచోనుండె కదప్పా," అని ఆమె కూడా చుట్టూ వెతికి చూసింది.

నిలబడి ఉన్న బస్సులన్నీ ఎక్కి దిగాను. ఆడవాళ్ల మరుగుదొడ్ల బయట నిలబడి పేరు పెట్టి పిలిచాను. చర్చివాళ్లే వెంటబడి వచ్చి తీసుకుపోయారనుకుని, ఆ కోపంతోనే కల్లూరుకు తిరిగి పోయాను.

కూటం అప్పుడే విడిచారు. బయటికొచ్చే జనంలో నుంచి లోపలికి దూరాను. నిర్మల తెల్లచీరలో, పాటలు పాడేవాళ్లతో పాటు స్టేజీ దిగుతోంది. పొద్దున్నుంచీ అక్కడే ఉందన్నారు. ఒకరు కాదు, అడిగిన ప్రతి మనిషీ అదే మాట చెప్పాడు. నేను నమ్మలేదు. వాళ్లు కూటాలన్నీ వీడియో తీసి సీడీలు అమ్ముతారు. తర్వాత అది కొని, ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మధ్యాహ్నం మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పింది నా చెల్లెలే. నాకు వేరే ఇల్లు లేదు, ఇదే నా ఇల్లు అంటోంది. దాని వెనకే పాట వస్తుంది. మేము ఆటోలో కదులుతుంటే విన్న పాటే అది.

ఆ సాయంత్రమే జరిగిందంతా అమ్మగారి ముందు కక్కేశాను. ఆమె కోప్పడలేదు. కళ్లు మూసుకుని ఏదో ప్రార్థించింది.

"సాతాను మీ చెల్లెలి రూపంలో తిరుగుతున్నాడు బ్రదర్. ఇక ఆమెను మరింత జాగ్రత్తగా కాపాడుకోవాలి," అంది.

ఆ రోజు నుంచి నిర్మలను ముందుగదికి కూడా పంపలేదు. ఆమె చేత దయ్యాన్ని వదిలించే విడుదల ప్రార్థనలు, వరుస ఉపవాసాలు చేయిస్తున్నారని విన్నాను. విడిపించడానికి పోయి నేనే ఇంకో గడియ వేసి వచ్చినట్టయింది.

లాయరమ్మకు చెబితే కలం పక్కన పెట్టేసింది. ఇది ఎక్కడా చెప్పొద్దప్పా, ఇది వింటే మిగతాదంతా కూడా ఎవరూ నమ్మరు అంది. నాకే మతి చెడిందేమోనని డాక్టరు దగ్గరికి పోయాను. నిద్ర తక్కువైందన్నాడు. మరి జామకాయలామెకు కూడా నిద్ర తక్కువైందా? ఆ మాట ఆయన్ను అడగలేదు. అడిగి ఏం లాభం?

కొన్ని వారాలకు అమ్మగారు నన్ను పిలిపించింది. గేటు దగ్గరే నిలబెట్టి నిర్మలను తీసుకొచ్చారు. బాగా చిక్కిపోయింది. ఇక నా కోసం రావద్దని, వస్తే తన ఆత్మకు చెరుపని, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. నేను తల వంచుకుని విన్నాను. అంతలో లోపలి నుంచి ఎవరో పిలిస్తే అమ్మగారు వెనక్కి తిరిగింది.

నిర్మల తల ఎత్తకుండానే, నాకు మాత్రమే వినబడేట్టు అడిగింది.

"ఆ పొద్దు నేను బస్సెక్కినానా అన్నా?"

 అబద్ధం చెప్పి ఉండవచ్చు. తోచలేదు.

"లేదమ్మా," అన్నాను. "నీళ్లు తెచ్చేలోపల కనపడలేదు."

"ఔనా," అంది. అమ్మగారు ఇటు తిరిగింది. ఇద్దరూ లోపలికి పోయారు.

నిర్మల ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ రోజు నా చెయ్యి పట్టుకున్నది ఎవరో నాకు తెలియదు. సాతాను అని వాళ్లంటారు, నా భ్రమ అని మావాళ్లంటారు, నేను ఏమీ అనలేను. ఎవరైతేనేం, ఇంటికి పిల్చుకపొమ్మని నన్ను అడిగింది. నేను తీసుకుపోలేకపోయాను.