పాన్ అత్త పట్టు

పాన్ అత్తకు బట్టల మీద ఉన్న ప్రేమ మనుషుల మీద లేదు. ఇది నేను కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. మా సినిమాకు పనిచేసిన వందల మందీ ఏకగ్రీవంగా ఒప్పుకున్న సంగతి ఇదొక్కటే. మధ్యాహ్నం వండిన పంది మాంసంలో ఉప్పు ఎక్కువైందా, మా డైరెక్టరు మేధావా, మొండివాడా లాంటి తక్కిన విషయాల్లో మాకెప్పుడూ ఏకాభిప్రాయం కుదరలేదు.

ఆవిడ పూర్తి పేరు పాన్ సుచిన్. అరవై ఆరేళ్ళు. నాలుగున్నర అడుగుల మనిషి. నోట్లో ఎప్పుడూ అరడజను గుండుసూదులు ఉండేవి. ఆ సూదుల మధ్య నుంచే మాట్లాడేది, తిట్టేది, నవ్వేది కూడా. ముప్ఫై ఏళ్ళు ఆడవాళ్ళ నాటక సమాజంలో దుస్తులు చూసింది. సమాజం మూతపడ్డాక సినిమాల్లోకి వచ్చింది. మాది రెండు వేల ఏళ్ళ కిందటి రాజుల కథ. జెజియాంగ్ రాష్ట్రపు కొండల మధ్య, సినిమాల కోసమే కట్టిన ఉత్తుత్తి రాజధానిలో ఎనిమిది నెలలు తీశాం. షూటింగు మొదలైన రోజు అందరం అగరుబత్తులు వెలిగించి, కాల్చిన పంది ముందు నిలబడి కెమెరాకు దండం పెట్టుకున్నాం. పాన్ అత్త మాత్రం ఒక అగరుబత్తి పట్టుకెళ్ళి ఇస్త్రీపెట్టె ముందు గుచ్చింది.

అందులో నా ఉద్యోగం గాల్లో ఎగరడం. హీరో నేల మీద నడుస్తాడు, పద్యం చెబుతాడు, హీరోయిన్ కళ్ళలోకి చూస్తాడు. పైకప్పుల మీంచి కత్తి దూసి ఎగిరేది మాత్రం నడుముకు తీగలు కట్టుకున్న నేను. నా ఇంటిపేరు నియు. అంటే ఎద్దు. ఎనిమిది నెలల్లో పాన్ అత్త నన్ను ఒక్కసారి కూడా పేరుతో పిలవలేదు. ఇంటిపేరుకున్న అర్థంతోనే పిలిచింది.

మొదటి వారంలోనే నేను కప్పు మీంచి జారి పెంకులతో సహా కింద పడ్డాను. నలుగురు నా వైపు పరిగెత్తారు. అందరికన్నా ముందు చేరింది పాన్ అత్త. అబ్బో, ఎంత మంచి మనిషి అనుకున్నాను. ఆవిడ వచ్చి నా చొక్కా చెయ్యి పట్టుకుంది.

"చింపావా?" అంది.

"మోచెయ్యి విరిగిందేమో అత్తా," అన్నాను.

"మోచెయ్యి దానంతటదే అతుక్కుంటుంది. పట్టు అతుక్కుంటుందా? విప్పు."

"నొప్పిగా ఉందత్తా."

"నీకు నొప్పిగా ఉందని ఊరంతా వినేలా అరుస్తున్నావు. పట్టు ఎక్కడ అరుస్తుంది? విప్పు ముందు."

అందరి ముందూ నన్ను లోపలి బనీనుతో నిలబెట్టి, ఆ అంగీ తీసుకుని వెళ్ళిపోయింది. మర్నాటి సాయంత్రం దాకా తిరిగి ఇవ్వలేదు. కుట్టు సరిగ్గా కుదరలేదట. డైరెక్టరు తాంగ్ వెన్‌బో రెండు సార్లు కబురు పెట్టాడు. రెండు సార్లూ కబురు తెచ్చినవాడు తిట్లు తినే వెనక్కి వెళ్ళాడు.

తాంగ్ పెద్ద పేరున్న డైరెక్టరు. ఆయన ముందు సేనాపతుల వేషాలు వేసినవాళ్ళు కూడా చేతులు కట్టుకునేవాళ్ళు. పాన్ అత్త మాత్రం ఆయన్ని "అబ్బాయీ" అనేది. వీళ్ళిద్దరికీ అసలు పేచీ రక్తం దగ్గర వచ్చింది. కథలో పదకొండు చావులున్నాయి. అందులో మొదటిది వెన్నెల రంగు అంగీ వేసుకున్న ముసలి మంత్రిది.

"గుండెలో కత్తి దిగుతుంది. తెల్లటి పట్టు మీద ఎర్రగా రక్తం పాకుతుంది. ఆ దృశ్యం చూసి జనం ఊపిరి బిగబట్టాలి," అని డైరెక్టరు చేతులు తిప్పుతూ చెప్పాడు.

"కుదరదు," అంది పాన్ అత్త.

"పాన్ గారూ, అది మంత్రి చావు."

"చావద్దని నేనన్నానా అబ్బాయీ? శుభ్రంగా చావమనండి. ఆ రంగు రావడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. మీ ఎర్రనీళ్ళు పడితే జన్మలో పోదు."

"మరి ఎలా చంపమంటారు?"

ఆవిడ సూదులు అటు నుంచి ఇటు మార్చుకుంటూ ఆలోచించింది. "గొంతు నులమండి. ఏ ఖర్చూ లేదు, ఏ మరకా లేదు."

డైరెక్టరు గంటసేపు వాదించాడు. చివరికి మంత్రి విషం తాగి చచ్చిపోయాడు. ఆ తర్వాత చిన్నరాణి, జ్యోతిష్కుడు, ఇద్దరు దళపతులు కూడా విషమే తాగారు. సినిమా విడుదలయ్యాక ఒక పత్రికలో ఎవరో పండితుడు, ఈ చిత్రంలో విషం రాజ్యాధికారానికి ప్రతీక అని రాశాడు. మేం చదివి పొట్టలు పట్టుకుని నవ్వాం.

భోజనాల వేళ సంగతి చెప్పనే అక్కర్లేదు. సోయా పులుసు పాన్ అత్తకు పుట్టు శత్రువు. అన్నం డబ్బాలు రాగానే గేటు దగ్గర నిలబడి, పులుసు ఉన్న కూరలన్నీ సైనికులకు, అంటే నల్లబట్టల వాళ్ళకు, పంచేది. లేతరంగు వాళ్ళకు ఉడికించిన క్యాబేజీ. చక్రవర్తి వేషం వేసిన ఆయనకు మెడ నుంచి మోకాళ్ళ దాకా ప్లాస్టిక్ గుడ్డ చుట్టి, తాడుతో బిగించి, అప్పుడు చేతికి గిన్నె ఇచ్చేది. రాణిగారి బట్టలు నలుగుతాయని ఆమెను కూర్చోనిచ్చేది కాదు. ఎనిమిది నెలలూ ఆ తల్లి నిలబడే నూడుల్స్ తింది.

"అత్తా, నేను ఈ దేశానికి చక్రవర్తిని," అని ఒకరోజు ఆయన దీనంగా అన్నాడు. "ఒక్క మాంసం ముక్క పెట్టు."

"నల్లబట్టలు వేసుకుని సైన్యంలో చేరు, పెడతాను," అంది.

వీటన్నిటికీ మించింది ఆవిడ "ఆగండి" అనే కేక. కెమెరాలు సిద్ధం, గుర్రాలు సిద్ధం, పొగ సిద్ధం, నేను యాభై అడుగుల ఎత్తున వేలాడుతూ సిద్ధం. సరిగ్గా అప్పుడు వినపడేది. దారం లేచిందనో, మడత తప్పిందనో, నడికట్టు ముడి ఆ కాలంనాటిది కాదనో వంక పెట్టేది. నన్ను కిందికి దింపి, గుడారంలోకి తీసుకెళ్ళి అరగంట కూర్చోబెట్టేది. కదిలితే సూదితో పొడిచేది. మేనేజరు లియావ్ కాలుగాలిన పిల్లిలా గుడారం చుట్టూ తిరిగేవాడు.

అసలు కథ గోపురం షాట్ నాడు జరిగింది.

మా రాజధానిలో తొమ్మిది అంతస్తుల చెక్క గోపురం ఉంది. సినిమా మొత్తం ఆ షాట్ కోసమే తీస్తున్నానని డైరెక్టరు అనేవాడు. కింద ఐదు వందల మంది నల్ల కవచాల సైన్యం. పై అంతస్తు నుంచి కథానాయిక, నెమలికంఠం రంగు పట్టు వస్త్రం భుజాల మీంచి ఇరవై గజాలు వెనక పరుచుకుంటుండగా, ఆ సైన్యం మీంచి ఎగిరి అవతలి గోడ మీద వాలాలి. ఆ బట్టకు రంగు వేసింది పాన్ అత్తే. నీలిమందులో పద్నాలుగు సార్లు ముంచి, పసుపు రంగునిచ్చే కాయల కషాయంలో మళ్ళీ ముంచి, నాలుగు నెలలు కన్నపిల్లలా చూసుకుంది. రెండోది లేదు. అది ఎండలో పరిచిన రోజు మేమంతా పని మానేసి చూస్తూ నిలబడ్డాం. ఆవిడ మాత్రం, "ఊపిరి దాని మీద వదలకండి," అని కసిరింది.

ఎగరాల్సింది కథానాయిక కాదు. ఆమెకు బదులుగా ఎగిరే మియావ్ అనే అమ్మాయి. మా హెనాన్ వైపు పిల్లే. నన్ను అన్నా అని పిలిచేది. ఉదయం నుంచి ఎనిమిది సార్లు ఎగిరింది. ఏడోసారి గాలి ఎదురు తిరగడంతో వెళ్ళి గోడకు గుద్దుకుంది. లేచి నవ్వి, ఏం కాలేదంది. ఎనిమిదోసారి కూడా ఎగిరింది. డైరెక్టరుకు నచ్చలేదు.

"గాలి బాగుంది. ఇంకొక్కసారి," అన్నాడు.

"ఆగండి," అంది పాన్ అత్త.

"ఇప్పుడేమైంది?"

"అంచు ముడుచుకుంది. రంగు అలిసిపోయింది."

"రంగు అలిసిపోవడమేమిటండీ?"

"మీరు అలిసిపోలేదా? అదీ అంతే."

ఐదు వందల మంది సైనికులు నవ్వారు. డైరెక్టరు నవ్వలేదు. మేనేజరు లియావ్ ముందుకొచ్చాడు. "పాన్ గారూ, ఇన్నాళ్ళూ ఓపిక పట్టాం. పక్కకు తప్పుకోండి. లేదంటే ఇవాళే మిమ్మల్ని ఇంటికి పంపించేస్తాను."

పాన్ అత్త నోట్లో సూదులు ఒక్కొక్కటే తీసి జుబ్బా అంచుకు గుచ్చుకుంది. సూదులు లేకుండా ఆవిడ నోరు చూడటం మాకు అదే మొదలు. నింపాదిగా వెళ్ళి పరిచి ఉన్న పట్టు వస్త్రం మధ్యలో బాసిపట్టు వేసుకుని కూర్చుంది.

"పంపించు. నేను వెళ్తే దీన్ని ఎవరు కడతారో కట్టమను."

"మేమే కట్టుకుంటాం. లేవండి."

"లేవను."

"ఎత్తి పక్కన పెట్టండి," అని లియావ్ మా వైపు చూశాడు. మేం తీగల వాళ్ళం పన్నెండు మంది ఉన్నాం, అందరం కండలు తిరిగినవాళ్ళమే. అందరం ఒకేసారి ఆకాశం వైపు చూశాం.

లియావ్ తనే వంగి బట్ట అంచు పట్టుకుని లాగబోయాడు. అప్పుడు పాన్ అత్త జేబులోంచి కత్తెర తీసింది. మమ్మల్నెవరినైనా పొడుస్తుందనుకున్నాం. అలా చేసుంటే అంత ఆశ్చర్యపడేవాళ్ళం కాదు. ఆవిడ ఆ నెమలికంఠం పట్టును అడ్డంగా, ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా కోసేసింది.

అంత మందిమీ ఊపిరి పీల్చడం మరిచిపోయాం. ఒక గుర్రం మాత్రం తుమ్మింది.

"బట్ట చిరిగింది," అంది పాన్ అత్త, లేచి మోకాళ్ళు దులుపుకుంటూ. "షాట్ లేదు. పదండి అందరూ."

తీగల పట్టీ తిరిగి ఇవ్వాలని నేను ఆవిడ గుడారంలోకి వెళ్ళాను. ఆవిడకు మతి పోయిందేమో చూద్దామని కూడా వెళ్ళాననుకోండి. లోపల మియావ్ బల్ల మీద కూర్చుని ఉంది. ఎడమ పక్కటెముకల మీద చెయ్యి వెడల్పున నల్లగా కమిలిపోయింది. పాన్ అత్త కోసిన పట్టు ముక్కతోనే ఆ పిల్ల నడుముకు కట్టు కడుతోంది. పిల్ల ఊపిరి తీసుకోలేక చిన్నచిన్నగా పీలుస్తోంది.

"చూసింది మర్చిపో ఎద్దూ," అంది పాన్ అత్త వెనక్కి తిరక్కుండానే.

"ఒక్క మాట చెప్పొచ్చు కదత్తా, పిల్లకు దెబ్బ తగిలిందని. డైరెక్టరు రాక్షసుడేం కాదు."

"చెబితే? అయ్యో పాపం అంటారు. రేపు ఇంకో పిల్లను తెస్తారు. నలుగురికీ తెలుస్తుంది. ఆ మియావ్ గట్టిది కాదు, గోడ తగిలితే కూర్చుంటుంది అంటారు. ఆ తర్వాత దీన్ని ఏ సినిమాకు పిలుస్తారు? నీ మొహం, నీకు తెలీదూ? నువ్వు ఒక్కనాడైనా ఎగరలేను అన్నావా?"

అనలేదు. మా వృత్తిలో ఆ మాట అన్నవాడు మళ్ళీ కనపడడు.

"మీరు అనలేరు. నేనంటాను," అంది. "బట్ట బాగా లేదంటే మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. ముసల్దానికి పిచ్చి అంటారు. అననీ. నాకేమన్నా పెళ్ళిచూపులున్నాయా?"

అక్కడే ముక్కాలిపీట మీద కూలబడ్డాను. మడత తప్పిందని నన్ను అరగంట కూర్చోబెట్టిన రోజులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఒకనాడు జ్వరం. ఒకనాడు మడమ బెణికింది. ఒకనాడు మా నాన్న పోయిన వార్త వచ్చి కళ్ళు సరిగ్గా కనపడలేదు. ఏ ఒక్కనాడూ నేను నోరు విప్పి చెప్పలేదు. కానీ రోజూ బట్టల కింద నా నడుముకు పట్టీలు బిగించే మనిషికి చెప్పకుండానే తెలుస్తుంది.

"ఏడుస్తున్నావా?" అంది పాన్ అత్త. "ఏడిస్తే ఆ పక్కకి ఏడువు. ఇక్కడ ఇస్త్రీ చేసినవి ఉన్నాయి."

మర్నాడు లియావ్, తప్పు ఒప్పుకుంటూ క్షమాపణ పత్రం రాసివ్వమని పట్టుబట్టాడు. పాన్ అత్త రాసిచ్చింది. డైరెక్టరు దాన్ని అందరి ముందూ పైకి చదివాడు. "నిన్న నేను కోసిన పట్టుకు క్షమాపణ చెప్పుకుంటున్నాను. దాని కోసం ప్రాణాలిచ్చిన పట్టుపురుగులకు వేరుగా క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఇంకెవరికైనా చెప్పాలా అని రాత్రి బాగా ఆలోచించాను. ఎవరూ తట్టలేదు. ఇట్లు, పాన్ సుచిన్."

డైరెక్టరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. గుడారం గుమ్మం దగ్గర మియావ్ నిలబడి ఉంది, ఒక చెయ్యి నడుము మీద ఆనించి. ఆయన కళ్ళు ఆ చేతి మీద కాసేపు నిలిచి, మళ్ళీ పాన్ అత్త వైపు తిరిగాయి.

"కొత్త వస్త్రానికి ఎన్ని రోజులు పడుతుంది?" అని అడిగాడు.

"నలభై ఐదు రోజులు."

"నలభై ఐదా?" లియావ్ నోరు తెరిచాడు. "పట్టు బట్టలపేటలో ఎవర్నడిగినా పదిహేను రోజుల్లో రంగు వేసిస్తారు."

"వేస్తారేమో. నాకు కుదరదు. ఎండ లేదుగా. తడి బట్ట ఎలా ఆరుతుంది?"

అప్పుడు ఉదయం పది గంటలు. ఆకాశంలో మచ్చుకైనా మేఘం లేదు. సైనికుల ఇనప టోపీలు పెనాల్లా కాలిపోతున్నాయి. నా మెడ మీంచి చెమట కారి బూట్లలో చేరుతోంది.

డైరెక్టరు తాంగ్ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ళు చికిలించి, చాలాసేపు సూర్యుడి వైపే చూశాడు.

"అవును," అన్నాడు. "బాగా ముసురు పట్టింది. గుర్రాల సీన్లు తీసుకుందాం పదండి."