అన్న కంబళి

కంబదూరు బస్సులో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్న నాకు చెమటలు పడుతున్నాయి. సర్వర్‌లో కంటైనర్ అనే విడి గదిలాంటి దాంట్లో నడిచే మా ప్రోగ్రామ్ తన ఫోల్డర్‌లో ఏమీ రాయలేకపోతోంది. ఎన్నిసార్లు నడిపినా అనుమతి లేదంటూ ‘పర్మిషన్ డినైడ్’. సాయంత్రానికి సరిచేయకపోతే ఉద్యోగం అనుమానమే. ఫోల్డర్‌ను అందరికీ తెరిచేస్తే క్షణంలో పనైపోతుంది. కానీ అందులో జనాల వివరాలున్నాయి.

“ఏమప్పా, అంత దిగులుగా ఉండావు?” అన్నాడు పక్కసీటు మనిషి. అతని ఒళ్లో ఒక నల్ల కంబళి.

“మా ప్రోగ్రామ్‌ను ఫోల్డర్ లోపలికి రానివ్వడం లేదన్నా.”

“నాదీ అదే కత. మా యన్న ఆస్పత్రిలో పడినాడు. ఈపొద్దు నుంచి ఆయప్ప గొర్రెల్ని నేను చూడల్ల. దొడ్డికాడ కుక్క నన్ను రానీదు.”

“కట్టేస్తే?”

“కట్టేస్తే తోడేలుకు అడ్డమెవురు? అందుకే మా యన్న కంబళి తెచ్చినా. కప్పుకోని పోతాండా. వాసన పట్టి రానిస్తే సరి.”

అతని వేళ్లు కంబళిని పిసుకుతూనే ఉన్నాయి.

అప్పుడు చూశాను. ఫోల్డర్ ఒక యూజర్‌ది, కంటైనర్ నడుస్తున్నది ఇంకో యూజర్ పేరుతో. కంటైనర్‌ను ఫోల్డర్ యజమాని పేరుతోనే నడిపాను. ఈసారి ప్రోగ్రామ్ రాసింది.

తలెత్తేసరికి అతను దిగిపోయి, రోడ్డు పక్క గొర్రెల దొడ్డి ముందు మండుటెండలో కంబళి కప్పుకుంటున్నాడు. బస్సు కదిలింది. వెనక కుక్క మొరగడం మొదలైంది. అది ఆగడం మాత్రం నేను వినలేదు.