గంజాయికి అనుకూలంగా మాట్లాడాల్సిన అమ్మాయి

అశోక్‌నగర్‌లో గ్రూప్-1కు చదువుకునే పిల్లలకు ఆదివారాలు నేను వ్యాసాలు నేర్పుతాను. రాయించే ముందు రెండు పక్షాలుగా చేసి మాట్లాడిస్తాను. ఇవాళ్టి విషయం, గంజాయిని చట్టబద్ధం చేయాలా వద్దా. అందరూ వ్యతిరేక పక్షమే అడిగారు. అనుకూలంగా రాస్తే పేపరు దిద్దేవాళ్ళు మార్కులు కోస్తారని వీళ్ళ భయం. చివరికి చీటీలు వేస్తే, ఎప్పుడూ నోరు విప్పని సుజాతకు అనుకూలం వచ్చింది.

లేచి నిలబడి నెమ్మదిగా చెప్పింది. "మా తమ్మునికి కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చింది సార్. జేబుల చిన్న పొట్లం దొరికిందని కేసయింది, ఉద్యోగం పోయింది. వాడు ఎవ్వరినీ కొట్టలే, దొంగతనం చెయ్యలే. రోజూ మందు తాగొచ్చి అమ్మని కొట్టిన మా నాయన మీద మాత్రం ఏ కేసూ లేదు."

"అయితే చట్టబద్ధం చేయాలంటావా అమ్మా?" అన్నాను.

"అది గూడ అనలేను సార్. వాడు ఇప్పటికీ మానలే. పొద్దుగాల అన్నం పెడితే మధ్యాహ్నం దాక ఆ పళ్ళెం ముందల్నే కూసుంటడు."

తర్వాత వ్యతిరేక పక్షం వంతు. పాయింట్లన్నీ బట్టీ పట్టి వచ్చిన మహేశ్ లేచి, రాసుకొచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. నేనూ ఇవాళ వ్యాసం రాయించలేదు.

వచ్చే ఆదివారానికి ఇంకో విషయం కావాలి. ఎవరింట్లోనూ జరగనిది మీకేదైనా తెలిస్తే కింద కామెంట్లలో రాయండి.