లైటు పట్టుకున్న చెయ్యి

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైల్లో నా ఎదుటి సీటాయన పాత లాప్‌టాప్‌లో ఎవరిదో పెళ్ళి వీడియో ఎడిట్ చేస్తున్నాడు. బొమ్మ కాస్త కదిలి ఆగిపోతోంది. తెలిసిన సంగతి చెప్పకుండా ఉండలేను నేను.

“ముందు వీడియోకి తక్కువ సైజు కాపీలు చేసుకుని వాటి మీద పనిచేస్తే ఇలా ఆగదండి. లైబ్రరీ పుస్తకంలో చదివాను.”

“తెలుసు అన్నయ్యా. అందులో బొమ్మ మసకబారుద్ది. మూలనున్న మా ఆవిడ కనబడదండి.”

ఆయన పెళ్ళిళ్ళు తీస్తుంటే భార్య పక్కన లైటు పట్టుకునేదట. పోయిన నెల చనిపోయింది. రేపే చర్చిలో ఆమె జ్ఞాపకార్థం ఆదరణ కూడికట. తెర మీద చూపించడానికి ఫొటోలున్నాయి గాని, ఆమె కదిలే వీడియో ఒక్కటీ లేదు.

“ఫ్రేములోకొస్తే కట్ చేసేవాణ్ణండి. ‘నా మొహమే దొరికిందా తీసెయ్యడానికి’ అని తిట్టేది. కట్ చెయ్యని అసలు షూటింగుల్లో ఎక్కడైనా మిగిలిందేమోనని చూస్తన్నా.”

నేనూ ముందుకు వంగి వెతికాను. వేమూరు దాటాక బొమ్మ మళ్ళీ ఆగింది. పెళ్ళికూతురి భుజం వెనక లైటు పట్టుకున్న చెయ్యి, మోచేతి వరకే.

“ఆవిడేనా?”

ఆయన తలూపాడు. బొమ్మ కదిలింది. ఆ చెయ్యి బరువుకు వణికింది, లైటు రెండో చేతిలోకి మారింది. ముఖం మాత్రం రాలేదు.

ఆయన ఆ ముక్కనే మళ్ళీ మళ్ళీ వేసి చూశాడు.

“చెయ్యి నొప్పని ఒక్కసారీ చెప్పలేదండి,” అన్నాడు.